ఆండ్రాయిడ్ టీవీ అని అమ్మేవన్నీ ఆండ్రాయిడ్ టీవీలు కావు: డబ్బు కట్టేముందు రిమోట్ మీ చేతిలోకి తీసుకోండి

పెద్ద టీవీ కొనాలనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కోసం కొంటున్నవాళ్లు, డబ్బు కట్టేముందు దయచేసి ఇది చదవండి. మా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదనే రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు, కంపెనీ పేరు చెప్పడం లేదు. అయినా ఇది ఒక్క షాపు సంగతి కాదు. ఇదే రకం సరుకు రకరకాల పేర్లతో చాలాచోట్ల అమ్ముడవుతోంది.

మా అమ్మానాన్నలు ఖమ్మంలో ఉంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కదా, ఆ దసరాకి పాతది తీసేసి 43 అంగుళాలది తెచ్చుకుందామన్నారు నాన్న. వాళ్లవి గొంతెమ్మ కోరికలేం కావు. కేబుల్ సెటప్ బాక్స్ నడవాలి. యూట్యూబ్‌లో ప్రవచనాలు, పాత పాటలు రావాలి. నా ఓటీటీ అకౌంట్‌లో సినిమాలు చూడాలి. ఇంట్లో ఉన్న సౌండ్‌బార్ దానికి కలపాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఒకటే రిమోట్ ఉండాలి. అమ్మకి చూపు తక్కువ. మూడు రిమోట్లలో ఏది దేనిదో తడుముకోవడం ఆవిడకి రోజూ ఉన్న బాధే.

నాన్న షాపులో ఇవన్నీ విడివిడిగా అడిగారు. "అంకుల్, ఇది ఫోర్‌కే ఆండ్రాయిడ్ టీవీ. అన్నీ ఇందులోనే ఉంటాయి. సెటప్ బాక్స్, సౌండ్‌బార్ అన్నీ ఒక్క రిమోట్‌తోనే నడుస్తాయి, గ్యారంటీ నాది" అన్నాడు అమ్మే అబ్బాయి. ధర 20 వేల లోపే. తెర మీద సముద్రం అడుగున చేపలు, రంగురంగుల పిట్టలు, చేత్తో తాకాలనిపించేంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాన్న అదే నిజమైన బొమ్మ అనుకున్నారు. ఎవరైనా అనుకుంటారు. టీవీ వెనకాల పెన్‌డ్రైవ్ గుచ్చి, ఫోర్‌కేలో తీసిన వీడియోని తిప్పితిప్పి వేస్తున్నారన్న సంగతి కొనేవాళ్లకి ఎవరూ చెప్పరు. ఇంటికొచ్చాక ఏ కేబుల్ చానలూ, ఏ ఓటీటీ సినిమా అలా ఉండదు.

పండక్కి నేను వెళ్లేసరికి టీవీ గోడకు బిగించి ఉంది. అమ్మ సోఫా అంచున కూర్చుని, రిమోట్‌ని రెండు చేతులతో పట్టుకుని బాణం మీటలు నొక్కుతోంది. తెర మీద కంప్యూటర్లో ఉన్నట్టు ఒక చిన్న తెల్ల మౌస్ గుర్తు కొంచెం కొంచెంగా జరుగుతోంది. యూట్యూబ్‌లో వెతుకులాట గుర్తు పై మూలన ఉంది. అక్కడిదాకా దాన్ని తోసుకెళ్లి, సరిగ్గా దాని మీదే ఆపి, ఓకే నొక్కాలి. ఒక్క ఇసుమంత పక్కకి పోతే ఇంకేదో తెరుచుకుంటోంది. "ఇది ఎటు పోతుందో తెలియట్లేదురా చిన్నా, పాత టీవీయే నయం" అంది. ఆ మాటకి నాకు ఎంత కష్టమనిపించిందో చెప్పలేను.

ఆ మౌస్ గుర్తు చూడగానే విషయం అర్థమైంది. అసలైన ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ అంటే గూగుల్ పరీక్షించి ధ్రువీకరించినవి. వాటిలో ప్లే స్టోర్ ఉంటుంది. అందులోని ఆప్స్ టీవీ కోసం, రిమోట్ బాణాలతో కదిలేలా తయారుచేసినవి. ఇవి అలా కాదు. ఆండ్రాయిడ్ మూల సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు. దాన్ని తెచ్చి, పైన గూగుల్ టీవీని పోలిన హోమ్ స్క్రీన్ ఒకటి తగిలించి, ఫోన్‌లో వాడే ఆప్స్‌ని లోపల కుక్కి పెడతారు. ఫోన్ ఆప్ వేలితో తాకడానికి చేసింది కాబట్టి రిమోట్‌తో కదలదు. అందుకే రిమోట్‌లో మౌస్ మీట పెడతారు. షాపులో రిమోట్ మీద ఆ మీట కనిపించినా, తెర మీద మౌస్ గుర్తు తిరిగినా అక్కడితో ఆగిపోండి.

బొమ్మ సంగతి ఇంకా అన్యాయం. ఓటీటీ కంపెనీలు సినిమాని తాళం వేసి పంపుతాయి. ఆండ్రాయిడ్‌లో ఆ తాళం వ్యవస్థ పేరు వైడ్‌వైన్. టీవీకి ఎల్1 స్థాయి ఉంటే హెచ్‌డీ, ఫోర్‌కే వస్తాయి. ఎల్3 మాత్రమే ఉంటే నెట్‌ఫ్లిక్స్ లాంటివి 480పీ అనే తక్కువ స్పష్టత దగ్గరే ఆపేస్తాయి. మా టీవీది ఎల్3. 43 అంగుళాల తెర మీద 480పీ సినిమా అంటే దగ్గరి షాట్‌లో కూడా మనిషి కళ్లు, పెదాలు అలికేసినట్టు ఉంటాయి. దీన్ని ఏ సెట్టింగ్‌తోనూ మార్చలేం. నెట్ స్పీడు పెంచినా లాభం లేదు. "మీ వైఫై స్లోగా ఉంది అంకుల్" అని షాపువాళ్లు నాన్నతో ఖరీదైన నెట్ ప్లాన్ కూడా తీయించారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. యూట్యూబ్‌లో మామూలు వీడియోలకి ఈ తాళం ఉండదు కాబట్టి అవి ఎల్3 టీవీలో కూడా స్పష్టంగానే వస్తాయి. అందుకని షాపులో యూట్యూబ్ ఒక్కటి తెరిచి చూపిస్తే సరిపోదు. మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, మీ అకౌంట్‌తోనే ఓటీటీ సినిమా ఒకటి పెట్టించి చూడండి. తర్వాత లాగౌట్ చేయడం మర్చిపోవద్దు. ప్లే స్టోర్‌లో డీఆర్‌ఎం ఇన్ఫో అని ఉచిత ఆప్ ఉంది. అది వేసి చూస్తే సెక్యూరిటీ లెవెల్ దగ్గర ఎల్1 అనో ఎల్3 అనో రాసి ఉంటుంది. అసలు ప్లే స్టోరే లేదంటే మీకు జవాబు దొరికినట్టే. ధ్రువీకరించిన టీవీ బ్రాండ్ల జాబితా ఆండ్రాయిడ్ టీవీ వాళ్ల సొంత సైట్‌లో ఉంది. షాపులో నిలబడే ఫోన్‌లో చూసుకోవచ్చు.

ఫోర్‌కే మాట కూడా అంతే. మా పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఫోర్‌కే అని, కింద చిన్న అక్షరాలతో సపోర్ట్ అని ఉంది. అంటే ఫోర్‌కే వీడియో ఇస్తే తీసుకుంటుంది, చూపించేది మాత్రం 1920×1080 లోనే. నిజమైన ఫోర్‌కే ప్యానెల్ అయితే 3840×2160 అని ఉండాలి. పెట్టె పక్కన అతికించిన తెల్ల లేబుల్ చదవండి. తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, తయారైన నెల, ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ నంబరు దాని మీద ఉండి తీరాలి. టీవీలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ ఆప్‌లో కొడితే ఎవరి పేరు మీద రిజిస్టరైందో తెలుస్తుంది. లేబుల్ మీద ఒక పేరు, ఆప్‌లో వేరే పేరు వస్తే ఎందుకని అడగండి.

ఇక ఒక్క రిమోట్ వాగ్దానం. దాన్ని నమ్మే నాన్న ఆ టీవీ కొన్నారు కాబట్టి ఇది కొంచెం వివరంగా చెబుతాను. టీవీ రిమోట్‌తోనే మిగతావి నడవాలంటే మామూలుగా హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా సీఈసీ అనే సంకేతాలు వెళ్లాలి. శాంసంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. పని ఒకటే. టీవీలోనూ, అవతలి పరికరంలోనూ రెండింట్లోనూ ఉంటేనే, సెట్టింగుల్లో ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. మా కేబులాయన ఇచ్చిన సెటప్ బాక్స్‌లో అది లేనేలేదు. సౌండ్‌బార్‌కి వేరే అవసరం ఉంది. టీవీ శబ్దం అదే కేబుల్‌లో వెనక్కి రావాలంటే టీవీకి ఏఆర్‌సీ పోర్టు ఉండాలి. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 నుంచీ ఉన్న సదుపాయమే. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం పక్కనే ఏఆర్‌సీ అనో ఈఏఆర్‌సీ అనో అచ్చువేసి ఉంటుంది. మా టీవీకి మూడు హెచ్‌డీఎంఐలు ఉన్నాయి, ఒక్కదాని పక్కనా ఆ అక్షరాలు లేవు. ఫోన్ చేసి అడిగితే "ఆప్టికల్ వైర్ పెట్టండి, సౌండ్ వస్తుంది" అన్నారు. సౌండ్ వచ్చింది. కానీ ఆప్టికల్ వైర్‌లో రిమోట్ సంకేతాలు వెళ్లవు, సౌండ్ పెంచాలంటే మళ్లీ సౌండ్‌బార్ రిమోట్ పట్టుకోవాల్సిందే. ఒక్క రిమోట్ కోసం వెళ్తే అమ్మ చేతిలోకి మళ్లీ మూడూ వచ్చాయి. కొనేముందు టీవీని కాస్త తిప్పమని ఆ పోర్టులు మీ కళ్లతో చూసుకోండి. గోడకు బిగించాక అక్కడ చెయ్యి కూడా దూరదు.

మధ్యలో ఇంకో ప్రమాదం తృటిలో తప్పింది. టీవీకి తోడుగా వచ్చిన కార్డు మీద కస్టమర్ కేర్ నంబరు ఎవరూ ఎత్తకపోతే, నాన్న ఇంటర్నెట్‌లో వెతికి పైన కనిపించిన నంబరుకి చేశారు. చక్కటి తెలుగులో మాట్లాడారట. "రిమోట్ అప్‌డేట్ చేయాలి సార్, ముందు పది రూపాయలు రిజిస్ట్రేషన్" అని లింకు పంపి, ఫోన్‌లో స్క్రీన్ షేరింగ్ ఆప్ వేసుకోమన్నారు. యూపీఐ పిన్ కొట్టమనేసరికి నాన్నకి అనుమానం వచ్చి ఫోన్ కట్టేశారు. టీవీ రిమోట్ బాగుచేయడానికి మీ ఫోన్ తెర ఎవరికీ కనిపించాల్సిన అవసరం లేదు. డబ్బు పోయిందనుకోండి, క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఇలాంటిదే ఇంకోటి: టీవీ తెర మీద ఒక వెబ్ అడ్రస్, కోడ్ చూపించి ఫోన్‌లో ఎంటర్ చేయమన్నప్పుడు, ఆ అడ్రస్‌ని బ్రౌజర్ పైన నేరుగా టైప్ చేయండి, సెర్చ్‌లో వెతకొద్దు. సెర్చ్‌లో అదే పేరుతో దొంగ పేజీలు వస్తాయి, యాక్టివేషన్ ఫీజు అడుగుతాయి. యూట్యూబ్‌కి గానీ ప్రైమ్ వీడియోకి గానీ టీవీని కలపడానికి రూపాయి ఫీజు లేదు.

షాపుకి వెళ్లి గట్టిగా అడిగితే వాళ్లు చూపిన పరిష్కారం విని నాకు ఇంకా భయమేసింది. కంపెనీ పేరు లేని ఒక నల్ల ఆండ్రాయిడ్ బాక్స్ చేతిలో పెట్టి "ఇది పెట్టుకోండి, ఓటీటీలన్నీ ఫ్రీ" అన్నారు. దయచేసి అలాంటివి ఇంట్లోకి రానివ్వకండి. 2023 జనవరిలో టీ95 అనే చవక బాక్స్‌లో ఫ్యాక్టరీ నుంచే మాల్‌వేర్ (హాని చేసే దొంగ సాఫ్ట్‌వేర్) ఉందని బయటపడింది. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, బ్యాడ్‌బాక్స్ 2.0 అనే మాల్‌వేర్ సోకిన పరికరాల నెట్‌వర్క్ గురించి హెచ్చరించింది. ఇలాంటి బాక్సులు, పరికరాలు మన ఇంటి నెట్‌ని మనకు తెలియకుండా నేరగాళ్లు వాడుకోవడానికి దారి తెరుస్తాయని చెప్పింది. ఆ మరుసటి నెలలోనే గూగుల్ దాని వెనకున్నవాళ్ల మీద న్యూయార్క్‌లో కేసు వేసింది. ధ్రువీకరణ లేని కోటికి పైగా పరికరాలు దీని బారిన పడ్డాయని గూగులే చెప్పింది. అమ్మానాన్నలు బ్యాంకు పనులు చేసుకునే ఫోన్ కూడా ఆ వైఫై మీదే ఉంటుంది.

ఇప్పటికే ఇలాంటి టీవీ కొని ఇరుక్కున్నవాళ్లు "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద ముద్ర ఉందని ఊరుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకుని వెనక్కి తీసుకోననడం అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. సరుకు విలువ 5 లక్షల లోపయితే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. సాక్ష్యాలు మాత్రం ముందే దాచుకోండి: ప్రకటన కాగితం, పెట్టె మీది రాతల ఫొటోలు, టీవీలో సాఫ్ట్‌వేర్ వివరాలు చూపే పేజీ, ఎల్3 అని కనబడే తెర. మా బిల్లు మీద "43 అంగుళాల ఎల్ఈడీ" అని మాత్రమే రాశారు, షాపువాళ్లు ఇప్పుడు దాన్నే పట్టుకుని "ఆండ్రాయిడ్ టీవీ అని మేమెక్కడ రాశాం" అంటున్నారు. మీరు మోడల్ నంబరు, ఆండ్రాయిడ్ టీవీ లేదా గూగుల్ టీవీ అన్న మాట, ఫోర్‌కే అన్న మాట బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే బయటికి వచ్చేయండి.

ఫిర్యాదు తేలేదాకా అమ్మకి టీవీ నడవాలి కాబట్టి మేం చేసింది కూడా చెబుతాను. పేరున్న కంపెనీ స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి కొని హెచ్‌డీఎంఐలో పెట్టాం. టీవీ సొంత వైఫైని ఆపేసి, దానిలో సేవ్ అయిన అకౌంట్లన్నీ తీసేశాం. స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా దానితో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి, లేకపోతే మధ్యమధ్యలో ఆగిపోతుంది. స్టిక్ రిమోట్‌కి ఇన్‌ఫ్రారెడ్ (మామూలు టీవీ రిమోట్లు వాడే కంటికి కనిపించని కాంతి సంకేతం) ఉంది కాబట్టి టీవీ పవర్‌కీ, సౌండ్‌బార్ వాల్యూమ్‌కీ సెట్టింగుల్లోనే కలిపాం. కొనేముందు ఆ సదుపాయం ఉందో లేదో చూసుకోండి, అన్ని స్టిక్‌లకీ ఉండదు. కేబుల్ చానళ్లకి సెటప్ బాక్స్ రిమోట్ ఒకటి మిగిలింది. దాని మీద అమ్మకి కనిపించేలా ఎర్ర టేపు అంటించాం.