33 అంగుళాల టైర్లతో నా పికప్: పట్టు పెరిగింది, స్టీరింగ్ నిలకడ పోయింది

పికప్‌కు పెద్ద టైర్లు వేయించుకున్నవాళ్లు ఎక్కువగా వాటి రూపం గురించి, బురదలో వాటి పట్టు గురించి చెబుతారు. నాకున్న ఫిర్యాదు మాత్రం ఒక్క స్టీరింగ్ గురించే. కంపెనీ ఇచ్చిన 265/65 ఆర్17 టైర్ల (వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 17 అంగుళాలు) మీద నడిచినంత కాలం ఈ బండి హైవే మీద చేయి తేలిగ్గా ఆనించినా తిన్నగా పోయేది, మలుపు దాటగానే స్టీరింగ్ తనంతట తానే మధ్యకు వచ్చేది. దాదాపు 33 అంగుళాల వ్యాసమున్న 285/70 ఆర్17 ఆల్ టెర్రెయిన్ (తారుకూ మట్టికీ పనికొచ్చే) టైర్లు, వెడల్పు రిమ్ములు, బండిని 50 మిల్లీమీటర్లు పైకి లేపే లిఫ్ట్ కలిసి ఆ గుణాన్ని పోగొట్టాయి. అందులో కొంత తిరిగి దక్కింది, కొంత ఇప్పటికీ దక్కలేదు. ట్రెడ్ రకాలు, సైజు పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి పోను.

ముందుగా మెచ్చుకోవలసినది మెచ్చుకోవాలి. తడిసిన మట్టి బాటలోనూ, రాళ్లు తేలిన ఎత్తుల మీదా పాత టైర్లు ఒక్కచోటే గిర్రున తిరుగుతూ ఉండిపోయేవి. ఇవి అక్కడ తడబడకుండా ఎక్కాయి. గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించి ఇసుకలోకి దిగితే టైరు నేలకు ఆనే భాగం పొడవుగా సాగి, బండి కూరుకుపోకుండా ముందుకు పోయింది. టైరు పక్కగోడ ఎత్తు 172 మిల్లీమీటర్ల నుంచి దాదాపు 200కు పెరగడం వల్ల గుంతల అంచులు మునుపటంత పదునుగా తగలడం లేదని కూడా తొలి రోజుల్లో అనిపించింది.

తారు రోడ్డు ఎక్కాక కథ వేరుగా ఉండేది. వేగం 80 దాటిందంటే బండి ఒక గీతలో నిలిచేది కాదు. లారీల బరువుకు రోడ్డు మీద పడిన గాడులు ఎటు పోతే టైర్లు అటు పోయేవి, ఎదురుగా బస్సు దూసుకుపోతే ఆ గాలి తోపుకు ముందు భాగం పక్కకు జరిగేది, నేను అటూ ఇటూ చిన్న చిన్న సవరింపులు చేస్తూనే ఉండాల్సి వచ్చేది. మలుపు తిరిగి స్టీరింగ్ వదిలితే సగం దాకా వచ్చి ఆగేది. మిగతా సగం చేత్తో తిప్పుకోవాలి. టైర్లు వేసిన చోట ఈ సంగతి చెబితే మొదట బ్యాలెన్సింగ్ మళ్లీ చేశారు, తర్వాత గాలి పెంచారు, చివరికి పెద్ద టైర్లంటే ఇలాగే ఉంటుందని, అలవాటైపోతుందని అన్నారు. వాళ్లిచ్చిన అలైన్‌మెంట్ కాగితంలో టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) అంకెలు పచ్చ రంగులోనూ, క్యాస్టర్ (చక్రం ఏ ఇరుసు చుట్టూ మలుపు తిరుగుతుందో దాని వాలు) అంకెలు రెండు వైపులా హద్దు దాటినట్టు చూపే ఎర్ర రంగులోనూ ఉన్నాయి. ఆ ఎరుపు సంగతేమిటని అడిగితే బండిని ఎత్తు లేపినప్పుడు అది ఎర్రగానే ఉంటుందని జవాబు వచ్చింది. ఆ జవాబు మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు, ఎందుకంటే జబ్బు మొత్తం ఆ ఎర్ర గడుల్లోనే ఉంది.

అసలు కారణం దొరకడానికి ఆధారం అనుకోకుండా చిక్కింది. ఒకసారి వెనుక తొట్టిలో బాగా బరువు వేసి, కమాన్ కట్టలు కిందికి దిగిన స్థితిలో ఇదే హైవే మీద నడిపితే, బండి మునుపటిలాగా తిన్నగా పోయింది, స్టీరింగ్ కూడా చాలా వరకు మధ్యకు తిరిగి వచ్చింది. బరువు దించి ఖాళీగా తిరుగు ప్రయాణం చేస్తే పాత ఊగులాట మళ్లీ మొదలైంది. బరువేస్తే వెనుక భాగం కుంగి, ముందు భాగం తేలికవుతుంది కాబట్టి స్టీరింగ్ ఇంకా పలచబడాలి గానీ ఇలా కుదుటపడటమేమిటని ఆశ్చర్యం వేసింది. వేరే చోట అనుభవమున్న ఒక అలైన్‌మెంట్ మెకానిక్‌కు ఈ వింత చెప్పగానే, ఆయన టైర్లను చూడకుండానే క్యాస్టర్ కొలవాలన్నాడు.

కొలిస్తే ఒక వైపు 1 డిగ్రీ, రెండో వైపు అంతకంటే కొంచెం తక్కువ ఉంది. లిఫ్ట్ వేయక ముందు కాగితంలో అది 3 డిగ్రీలు. చక్రం ఏ ఇరుసు చుట్టూ అటూ ఇటూ తిరుగుతుందో ఆ ఇరుసు నిటారుగా కాక కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది, ఆ వాలే క్యాస్టర్. దానివల్ల ఆ ఇరుసు గీత నేలను తాకే చోటికి కొంచెం వెనుకగా టైరు నేలకు ఆనుతుంది, ముందు నుంచి లాగే ఆ గీత వెనుక ఒదిగి నడుస్తుంది, అందుకే స్టీరింగ్ మధ్యకు వస్తుంది. 3 డిగ్రీల దగ్గర ఈ ఎడం సుమారు 20 మిల్లీమీటర్లు ఉంటే, 1 డిగ్రీ దగ్గర 7 మిల్లీమీటర్లకు పడిపోతుంది. నిజానికి వాలు మారకపోతే టైరు పెద్దదైనకొద్దీ ఈ ఎడం కొద్దిగా పెరగాలి. అంటే ఈ విషయంలో నేరం టైరుది కాదు, దానికి చోటు చేయడానికి వేసిన లిఫ్ట్‌ది. ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) మీద స్పేసర్ అనే దిమ్మ పెట్టి లేపితే, చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్మ్, కింది ఆర్మ్ వాటి కోణాలు మార్చుకుని క్యాస్టర్‌ను తినేశాయి, పైగా నా బండి వెనుక భాగం ముందుకంటే ఎక్కువ లేచి మిగిలిన దానిలోనూ కొంత తగ్గించింది. వీల్‌బేస్ (ముందు వెనుక చక్రాల మధ్య దూరం) 3.1 మీటర్లున్న బండి వెనుక 80 మిల్లీమీటర్లు కుంగితే మొత్తం బండి సుమారు ఒకటిన్నర డిగ్రీ వెనక్కి వాలుతుంది, ఆ ఒకటిన్నర నేరుగా క్యాస్టర్‌కు కలుస్తుంది. తొట్టిలో బరువు చేసిన మేలు అదే.

సర్దుబాటుకు వీలున్న పై ఆర్మ్‌లు వేయించి క్యాస్టర్‌ను మూడున్నర డిగ్రీలకు తెచ్చాక, ఖాళీ బండి కూడా హైవే మీద నిలకడగా పోతోంది. గాడుల వెంట లాగడం మాత్రం పూర్తిగా పోలేదు. పాత రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్య గీత నుంచి బోల్టులు బిగించే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో చెప్పే అంకె) ప్లస్ 30, కొత్తది సున్నా, అంటే ఒక్కో చక్రం 30 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. రోడ్డు నుంచి టైరుకు తగిలే ప్రతి దెబ్బా అంత పొడవు అదనపు మీటతో స్టీరింగ్ మీదికి వస్తుంది. స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే టై రాడ్ చివరి కీళ్లు ఒక వైపు వదులై కొట్టుకోవడం మొదలుపెట్టడానికి ఇది కారణమని మెకానిక్ అభిప్రాయం, నాకూ నమ్మబుద్ధి అవుతోంది. కీళ్లు మార్చాను గానీ రిమ్ములు మార్చలేదు.

బ్రేకుల విషయం క్లుప్తంగా చెబుతాను. కొత్త టైరు వ్యాసం దాదాపు 831 మిల్లీమీటర్లు, పాతది 776, తేడా 7 శాతం. అదే బ్రేకు అంతే గట్టిగా పట్టినా నేల దగ్గర ఆపే బలం ఆ మేరకు తగ్గుతుంది, ఒక్కో టైరు సుమారు 8 కేజీలు బరువెక్కినందువల్ల తిరిగే చక్రాన్ని ఆపడం ఇంకా కష్టమవుతుంది. వెనుక ఇరుసులోని గేర్ల 3.73 నిష్పత్తి 3.49 అయినట్టు నడుస్తుంది కాబట్టి కొండ దిగేటప్పుడు ఇంజిన్ పట్టు కూడా పలచబడింది. మునుపు మూడో గేరులో దిగిన వాలును ఇప్పుడు రెండో గేరులో దిగుతున్నాను. మీటరు 100 చూపినప్పుడు అసలు వేగం 107. మైలేజీ 15 శాతం పడిపోయినట్టు లెక్క వచ్చింది గానీ, ఓడోమీటరు తక్కువ చూపించే 7 శాతాన్ని సవరిస్తే అసలు నష్టం 9 శాతమే. ఫిర్యాదు చేసేటప్పుడు ఈ సవరణ చేసేవాళ్లు తక్కువ.

ఇంత కాలం వాడాక పైన చెప్పిన మెప్పులో కొంత వెనక్కి తీసుకోవాలి. గుంతల్లో మెత్తదనం గాలి సరిగ్గా ఉన్నంతవరకే. నేను వేయించిన ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం టైరు అదే బరువు మోయడానికి ఎక్కువ గాలి అడుగుతుంది కనుక తలుపు దగ్గరి పట్టీ మీద కంపెనీ ఇచ్చిన గాలి అంకె దీనికి వర్తించదు. షాపులో పెట్టినంత గాలితో ఖాళీ బండి ప్రతి అతుకు మీదా ఎగిరిపడేది. ట్రెడ్‌కు అడ్డంగా సుద్ద గీసి, కొంత దూరం తిన్నగా నడిపి, మధ్యలో చెరిగిందా అంచుల్లో చెరిగిందా చూసుకుంటూ గాలి తగ్గించాక గానీ అది దారికి రాలేదు. ఇరుసు కింద పెరిగిన ఎత్తు కూడా వ్యాసంలో పెరిగిన దానిలో సగం, 27 మిల్లీమీటర్లు మాత్రమే; బురదలో నన్ను గట్టెక్కించింది ఎత్తు కంటే ట్రెడ్ అని ఇప్పుడు అనుకుంటున్నాను. స్టెపినీ కూడా ఇదే సైజులో ఉండాలి కాబట్టి తొట్టి కిందున్న పాత చోట పట్టక, తొట్టిలోనే ఒక మూలను ఆక్రమించింది.

నా ప్రయాణాల్లో ఎక్కువ భాగం తారు రోడ్డే, తొట్టి చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది, కొండ దిగడం తరచుగా తప్పదు. ఈ పరిస్థితుల్లో ఈ టైర్లు అరిగాక 265/70 ఆర్17కు, పాత ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ములకు మారాలనుకుంటున్నాను. వ్యాసం 803 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది, తేడా మూడున్నర శాతం లోపే ఉంటుంది. అప్పుడు లిఫ్ట్ ఉంచాలో తీయాలో ఇంకా తేల్చుకోలేదు. రోజూ బురదబాటల్లో, బరువుతో తిరిగేవారికి 285 సైజే నచ్చవచ్చు, కానీ వాళ్లు కూడా క్యాస్టర్ సరిచేసే ఆర్మ్‌లను లిఫ్ట్‌తో పాటే వేయించుకుని, అలైన్‌మెంట్ కాగితంలో ఎర్ర గడి ఒక్కటి మిగిలినా బండిని తీసుకుపోకుండా ఉంటే మంచిది.