చేంజ్ ఫీల్డా, డిఫైన్ ఫీల్డా: సీడీఓతో 15 ఏళ్లు పని చేశాక

ఓపెన్ వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పని చేసేవాళ్లకు సీడీడీ రిపాజిటరీ పరిచయమే. డేటా ఏ ఆకారంలో ఉండాలో చెప్పే డెఫినిషన్లను ఒకచోట దాచే డేటా డిక్షనరీ అది. డిజిటల్ కంపెనీ తయారు చేసిన ఈ డిక్షనరీ 1994లో ఆర్‌డీబీ డేటాబేస్‌తో పాటు ఒరాకిల్ చేతికి వచ్చింది. దాన్ని కమాండ్లతో నడిపించే పనిముట్టు పేరు సీడీఓ. 15 ఏళ్లకు పైగా దాదాపు రోజూ దీంట్లోనే ఉన్నాను. కొత్త డెఫినిషన్లు రాయడం గురించి ఇక్కడ చెప్పను, అది రెండు రోజుల్లో వస్తుంది. ఉన్న డెఫినిషన్‌ని మార్చడమే అసలు పని, దాని గురించే ఈ సమీక్ష.

ఫీల్డ్ అంటే పేరు, నంబరు లాంటి ఒక్క డేటా అంశం, అలాంటి కొన్ని ఫీల్డులు కలిస్తే రికార్డు. ఒక ఫీల్డ్ డెఫినిషన్ డిక్షనరీలో ఒక్కచోటే ఉంటుంది. పది రికార్డులు దాన్ని వాడుకుంటాయి. కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రాములు 'కాపీ ఫ్రం డిక్షనరీ' అంటూ ఆ రికార్డులను కంపైల్ అయ్యేటప్పుడు లోపలికి తెచ్చుకుంటాయి. అందుకే ఇక్కడ ఒక్క అంకె మార్చినా అది ఎక్కడెక్కడికి పాకుతుందో ముందే చూసుకోవాలి. చూసుకోవడానికి కావలసినవన్నీ సీడీఓలోనే ఉన్నాయి. నాకు ఇది నచ్చడానికి మొదటి కారణం అదే.

మార్చడానికి దారులు రెండు. చేంజ్ ఫీల్డ్ అంటే ఉన్న డెఫినిషన్‌నే, ఉన్నచోటే మారుస్తుంది. కొత్త వెర్షన్ పుట్టదు. నేను సైజు ఒక్కటే చెబితే సైజు ఒక్కటే మారుతుంది, వివరణ, ఎడిట్ స్ట్రింగ్, క్వెరీ పేరు అన్నీ అలాగే ఉంటాయి. డిఫైన్ ఫీల్డ్‌ని అదే పేరుతో మళ్లీ ఇస్తే మాత్రం కొత్త వెర్షన్ పుడుతుంది. అందులో నేను రాసినవే ఉంటాయి, రాయడం మరిచిపోయినవి పోతాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, పాత రికార్డులు పాత వెర్షన్‌నే పట్టుకుని ఉంటాయి.

కొత్తలో నాకు ఈ తేడా తెలియదు. పేరు ఫీల్డ్‌ని 20 అక్షరాల నుంచి 30కి పెంచమన్నారు. డిఫైన్ ఫీల్డ్ కొట్టాను, తప్పేమీ చూపించలేదు. షో ఫీల్డ్ కొడితే 30 అని కనిపించింది. సంతోషంగా ప్రోగ్రాములన్నీ కంపైల్ చేశాను. పేర్లు మాత్రం ఇరవయ్యో అక్షరం దగ్గరే తెగిపోతున్నాయి! సగం రోజు ప్రోగ్రాములో వెతికాను. చివరికి పక్క సీటు అన్నయ్య వచ్చి, "నువ్వు రెండో వెర్షన్ చూస్తున్నావు తమ్ముడూ, రికార్డు ఇంకా ఒకటో వెర్షన్ మీదే ఉంది" అన్నారు. రికార్డుకు వచ్చిన నోటీసులు చూస్తే, అది వాడుతున్న ఫీల్డ్‌కి కొత్త వెర్షన్ ఉందని అక్కడ ముందునుంచీ రాసే ఉంది. నేనే అడగలేదు.

ఆ రోజు నుంచి ఏ మార్పు చేసినా ముందు షో వాట్ ఇఫ్. ఈ ఫీల్డ్‌ని కదిలిస్తే ఏవేవి కదులుతాయో అది చెబుతుంది. షో యూజెస్, షో యూజ్డ్ బై అని ఇంకో రెండు ఉన్నాయి. ఈ పేర్లు మాత్రం నాకు ఇప్పటికీ నచ్చవు. ఈ ఫీల్డ్‌ని ఎవరు వాడుతున్నారో తెలియాలంటే షో యూజెస్ కొట్టాలి. ఈ రికార్డు లోపల ఏమేం ఉన్నాయో తెలియాలంటే షో యూజ్డ్ బై. వినగానే తిరగేసి అర్థమవుతాయి. కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు దీన్ని కాగితం మీద రాసి ఇస్తాను.

ఇక్కడ ఒక పెద్ద గొయ్యి ఉంది. వాట్ ఇఫ్ జాబితాలో రావాలంటే ఆ సంబంధం డిక్షనరీకి తెలిసి ఉండాలి. కోబాల్ ప్రోగ్రాముని డిపెండెన్సీ డేటా అనే క్వాలిఫయర్ (కమాండ్‌కి తగిలించే అదనపు సూచన) పెట్టి కంపైల్ చేస్తేనే, ఫలానా ప్రోగ్రాము ఫలానా రికార్డుని వాడుకుందని డిక్షనరీలో నమోదవుతుంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. మా దగ్గర పాత బిల్డ్ ప్రొసీజర్లలో చాలావాటికి అది పెట్టలేదు.

దానివల్ల ఏం జరిగిందో చెప్తాను. ఇంకో రికార్డులో మొదటి 6 బైట్లు గుర్తింపు సంఖ్య, తర్వాత 20 బైట్లు పేరు, 27వ బైటులో స్టేటస్ కోడ్. ఈసారి బుద్ధిగా చేంజ్ ఫీల్డ్‌తోనే పేరుని 30కి మార్చాను. కోడ్ 37వ బైటుకి జరిగింది. జాబితాలో వచ్చిన ప్రోగ్రాములన్నీ మళ్లీ కంపైల్ చేశాను. విడిగా కంపైల్ చేసే ఒక సబ్‌ప్రోగ్రాము జాబితాలో లేదు. మెయిన్ ప్రోగ్రాము కొత్త ఆకారంలో రికార్డుని పంపుతోంది, సబ్‌ప్రోగ్రాము పాత లెక్కన 27వ బైటు చదువుతోంది. పేరు చిన్నదైతే అక్కడ ఖాళీ, పొడుగుపేరైతే ఏదో ఒక అక్షరం. ఎర్రర్ రాలేదు, ఏదీ ఆగలేదు, రిపోర్టులో కొందరి స్టేటస్ మాత్రమే తప్పుగా పడింది. పేర్లు పొడుగున్నవాళ్లకు ఒకలా, మిగతావాళ్లకు ఒకలా తప్పు వస్తోందని గమనించేసరికి చాలా టెన్షన్ పడ్డాం. ఆ తర్వాత కూర్చుని బిల్డ్ ప్రొసీజర్లన్నిటిలో డిపెండెన్సీ డేటా చేర్చాను. మీ దగ్గర సీడీడీ ఉంటే ఈ పని ఇవాళే చేయండి.

ట్రాన్సాక్షన్ సదుపాయం మీద నాకు చాలా గౌరవం. స్టార్ట్ ట్రాన్సాక్షన్ అని మొదలుపెట్టి, మార్పులు చేసి, రికార్డులు ఎలా వచ్చాయో షో రికార్డ్‌తో చూసి, బాగుంటే కమిట్ (మార్పులు ఖాయం), లేకపోతే రోల్‌బ్యాక్ (అన్నీ వెనక్కి). మార్పుకి ముందు ఎక్స్‌ట్రాక్ట్ కొట్టి పాత డెఫినిషన్‌ని ఫైల్‌లో దాచుకుంటాను కూడా. వాడుకలో ఉన్న ఫీల్డ్‌ని డిలీట్ చేయబోతే సీడీఓ ఒప్పుకోదు, అది ఇంకో ధైర్యం.

ఆర్‌డీబీ డేటాబేస్ కూడా ఇదే డిక్షనరీ మీద నడుస్తుంటే ఫీల్డ్ మార్చడంతో పని అయిపోదు. డేటాబేస్‌ని నడిపే భాష ఎస్‌క్యూఎల్‌లో ఇంటిగ్రేట్ డేటాబేస్ అనే కమాండ్ ఇవ్వాలి. అందులో ఆల్టర్ ఫైల్స్ అంటే డిక్షనరీలో ఉన్నది డేటాబేస్‌లోకి వెళ్తుంది, ఆల్టర్ డిక్షనరీ అంటే డేటాబేస్‌లో ఉన్నది డిక్షనరీలోకి వస్తుంది. దిక్కు మారితే మీరు జాగ్రత్తగా చేసిన మార్పే చెరిగిపోతుంది. ఎంటర్ నొక్కేముందు ఆ లైనుని పైకి చదువుకోవడం నాకు అలవాటు.

చిన్న చికాకులు ఉన్నాయి. డెఫినిషన్ కమాండ్ చివర చుక్క పెట్టకపోతే అది 'కంట్' అంటూ ఇంకో లైను కోసం ఎదురుచూస్తుంది, కొత్తవాళ్లు మెషీన్ హ్యాంగ్ అయిందనుకుంటారు. సంబంధాలన్నీ బొమ్మలా చూసే వీలు సీడీఓ కమాండ్లలో లేదు, పెద్ద రికార్డు అయితే అక్షరాల జాబితాని స్క్రోల్ చేస్తూ తలలో గీసుకోవాలి.

కానీ ఆడిట్ క్లాజ్ ఉందే, దాన్ని ఎవరూ సరిగ్గా వాడుకోరు, నాకైతే అదే ప్రాణం. చేంజ్ ఫీల్డ్ కొట్టేటప్పుడే 'ఆడిట్ ఈజ్' అని ఎందుకు మారుస్తున్నామో ఒక వాక్యం రాయొచ్చు, అది ఆ ఫీల్డ్ చరిత్రలో ఉండిపోతుంది. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి, "సార్, ఈ పేరు ఫీల్డ్ 30 అక్షరాలే ఎందుకు? 40 పెట్టేస్తే పోయేది కదా?" అంది. నాకు గుర్తు లేదు. షో ఫీల్డ్‌కి ఆడిట్ క్వాలిఫయర్ పెట్టి కొట్టమన్నాను. ఏళ్ల కిందట నేనే రాసిన లైను స్క్రీన్ మీదకు వచ్చింది: ముద్రించే ఫారంలో పేరు గడి 30 అక్షరాలే పడుతుంది, ఫారం మార్చకుండా ఇంతకంటే పెంచవద్దు. ఆ అమ్మాయి ఫారం తీసి గళ్లు లెక్కపెట్టింది. సరిగ్గా 30.