తొమ్మిది మీటర్ల కాగితం మీద భూమి కథ: మా వీకెండ్ వర్క్‌షాప్ రివ్యూ

మొన్న శని, ఆదివారాలు మా అమ్మాయిని తీసుకుని బెంగళూరు జయనగర్‌లో ఒక పెయింటింగ్ వర్క్‌షాప్‌కి వెళ్లా. భూమి పుట్టిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఒకే కాగితం చుట్ట మీద గీయించారు, ఇద్దరికీ నాలుగు వేలైంది, పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది.

నాకు బాగా నచ్చింది ఏంటంటే ముందు బ్రష్ ముట్టుకోనివ్వలేదు, పొద్దున్నే లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ మీదకి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ఎన్నిసార్లు ఎక్కి ఫొటోలు దిగామో, దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లని అప్పుడే తెలిసింది, ఆ బూడిద రంగు చారల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే చారలన్నీ దిగాయి.

తర్వాత లెక్క. మీటరుకి 50 కోట్ల ఏళ్లు, భూమి వయసు మొత్తం 454 కోట్లు కాబట్టి తొమ్మిది మీటర్లు దాటింది. లాల్‌బాగ్ బండ మూడు మీటర్ల దగ్గర వస్తుంది, ఇంకో మీటరు పైచిలుకు పోతే గాల్లో ఆక్సిజన్ పెరగడం మొదలు. ఆ ఆక్సిజన్ తగిలి సముద్రంలో ఇనుము తుప్పులా మారి అడుగున పేరుకున్న చోట వేయడానికి మాకు జేగురు మట్టే నూరి ఇచ్చారు, అదీ ఐరన్ ఆక్సైడే కదా! అమ్మాయి వేళ్లకి ఆ ఎరుపు రెండ్రోజులు పోలేదు. మనుషులం వచ్చి 3 లక్షల ఏళ్లు, అంటే చివర్లో ఒక్క పెన్సిల్ గీత, అంతే.

బాలేనివి కూడా చెప్పాలి. చూసి గీయమని ఇచ్చిన షీట్లలో జురాసిక్ డైనోసార్ల కాళ్ల కింద పచ్చగడ్డి ఉంది, అప్పటికి గడ్డి ఎక్కడిది? మహారాష్ట్ర పిస్‌దురాలో దొరికిన పేడ శిలాజాల్లో గడ్డి ఆనవాళ్లున్నాయి గానీ అవి డైనోసార్ల చివరి రోజులవి. సార్‌కి చెప్తే ఒప్పుకుని ఫెర్న్‌లు, సైకాడ్‌ల లాంటి పాతకాలపు మొక్కలు వేయించారు. పైగా అన్నీ అమెరికా డైనోసార్లే, మా అమ్మాయి మాత్రం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూసిన మన ఆదిలాబాద్ కోటసారస్‌నే గీస్తానని పట్టుబట్టింది, గీసింది. కాగితం మరీ పల్చన, నీళ్ల రంగు పడగానే అలలు తేలిపోయింది, వెళ్లేవాళ్లు మందం రోల్ కొనుక్కెళ్లండి.

ఇంట్లో హాలు గోడ చాలక కారిడార్ మలుపు దాకా అతికించాం, డైనోసార్లు వచ్చేది మూల తిరిగాకే.