కెనడా పీఆర్‌కు రోజులు తగ్గాయా? వెంటనే వెళ్లడమా, ఇక్కడి నుంచే అప్లై చేయడమా

అమ్మానాన్నల అనారోగ్యం వల్ల కావలిలోనో ఒంగోలులోనో ఉండిపోయిన కెనడా పీఆర్‌లకు (శాశ్వత నివాస హోదా ఉన్నవారికి) ఒకటే టెన్షన్: నిబంధన ప్రకారం గత 5 ఏళ్లలో అక్కడ ఉండాల్సిన 730 రోజులు లేము, ఇప్పుడెలా? ముందు ధైర్యం తెచ్చుకోండి. పీఆర్ కార్డు గడువు తీరినంత మాత్రాన హోదా పోదు.

కార్డు ఇంకా చెల్లుతుంటే వెంటనే వెళ్లడమే మేలని నా గట్టి అభిప్రాయం. ఎయిర్‌పోర్టులో అధికారి నిలదీయవచ్చు, రోజులు నిండలేదని రిపోర్టు కూడా రాయవచ్చు. అయినా పీఆర్‌గా లోపలికి వెళ్లే హక్కు ఉంటుంది. రిపోర్టు రాయకుండా వదిలితే, 730 రోజులు నిండేవరకు అక్కడే ఉండి, ఆ తర్వాతే రెన్యువల్‌కు పెట్టండి. తొందరపడి ముందే పెడితే లోటును మీరే చూపించినట్టవుతుంది. బాధల్లా ఒకటే, ఈలోగా ఇంట్లో ఏం జరిగినా రావడం కష్టం.

కార్డు గడువు ఇక్కడే తీరిపోతే, కెనడాకు తిరిగి వెళ్లడానికి కావాల్సిన ట్రావెల్ డాక్యుమెంట్‌కు అప్లై చేసి, మానవతా కారణాలు చూపాలి. నెల్లూరు ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీలు, చూసుకోవడానికి ఇంకెవరూ లేరనే ఆధారాలు, పిల్లల మీద పడే ప్రభావం, అన్నీ జతచేయండి. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు లేదా ఫ్రెంచి అనువాదం తప్పనిసరి. తిరస్కరిస్తే 60 రోజుల్లోపు అప్పీలు చేసుకోవాలి, లేదంటే హోదా పోతుంది. పొలం అమ్మకం, ఇల్లు కట్టుకోవడం లాంటి కారణాలకు బలం చాలా తక్కువ.