బయాప్సీ బాగా చేశారు, ఆ తర్వాత ఏమవుతుందో చెప్పలేదు

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆడవాళ్ల ఆస్పత్రి ఇది. పేరు రాయను, ఎందుకంటే అక్కడి డాక్టరమ్మ మీద నాకు కోపం లేదు. పాప్ స్మియర్‌లో (గర్భసంచి ముఖద్వారం నుంచి కణాలు తీసి చేసే పరీక్ష) తేడా ఉంది, కాల్పోస్కోపీ (ఆ చోటును పెద్దగా చూపించే పరికరంతో చూసే పరీక్ష) చేయించుకోమని చిత్తూరులో చెబితే బస్సెక్కి వెళ్లాం.

డాక్టరమ్మ హస్తవాసి గురించి విన్నది నిజమే. గర్భసంచి ముఖద్వారం మీద ఏదో మందు పూస్తే చురుక్కుమంది. తేడా ఉన్న చోటు దానివల్ల తెల్లగా కనిపిస్తుందట. "ఒకసారి దగ్గమ్మా" అన్నారు. దగ్గేలోపే బయాప్సీకి, అంటే పరీక్షకు పంపడానికి, చిన్న ముక్క తీసేశారు. లేచి కూర్చోగానే కళ్లు తిరిగితే నర్సు మళ్లీ పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టింది. బిల్లు కూడా ముందు చెప్పినంతే.

అసలు గొడవ ఇంటికొచ్చాక. నెలసరి నొప్పిలా పొత్తికడుపు లాగింది, అది ఊహించిందే. రాత్రికి ప్యాడ్ మీద నల్లగా, కాఫీ పొడి కలిసినట్టు పడింది. లోపల ఏదో కుళ్లిపోయిందనుకుని నా గుండె జారిపోయింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే "రేపు ఓపీకి రండి మేడమ్" అని పెట్టేశారు. ఎవరి కారైనా దొరుకుతుందేమోనని మా ఆయన పక్కింటివాళ్లను కూడా లేపారు.

పొద్దున నర్సు ఫోన్‌లో దొరికింది. "అది రక్తం ఆపడానికి పూసిన మందు అక్కా. మాన్సెల్ అంటాం, ఇనుముతో చేసేది, నల్లగానే వస్తుంది. కొన్ని రోజులు అట్లే ఉంటుంది, భయపడొద్దు" అంది. గంటకో ప్యాడ్ తడిసిపోయినా, జ్వరమొచ్చినా, చెడు వాసన వచ్చినా, నొప్పి పెరిగిపోతున్నా మాత్రం ఆగకుండా వచ్చేయమంది. ఇదంతా చెప్పడానికి ఆమెకు నిమిషం పట్టింది. ఆ నిమిషం నేను బెడ్ మీద ఉన్నప్పుడే ఇచ్చి ఉంటే సరిపోయేది. చేతిలో పెట్టిన కాగితంలో ఇంగ్లీషులో రెండు లైన్లు, పెయిన్ కిల్లర్ పేరు, అంతే. భార్యాభర్తలు వారం దాకా కలవకూడదన్న మాట అక్కడివాళ్లు మా ఆయన ముందు చెప్పడానికి సిగ్గుపడి గొణిగితే నాకు సగమే వినిపించింది. ఆడవాళ్ల ఆస్పత్రిలో కూడా ఇంత సిగ్గా!

నల్లటిది తగ్గాక పలచగా గోధుమ రంగులో కొన్నాళ్లు కనిపించి ఆగిపోయింది.

రిపోర్టులో సిఐఎన్ 1 (ముఖద్వారం కణాల్లో తేలికపాటి మార్పు) అని వచ్చింది. డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పారు: ఇది క్యాన్సర్ కాదు, హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే మార్పు, చాలామందిలో దానంతటదే పోతుంది, ఏడాదికి మళ్లీ పరీక్ష చేద్దాం. ఆ పరీక్షకూ అక్కడికే వెళ్తాను. మీరు వెళ్తే ప్యాడ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి, కింద మందుల షాపులో పలచటి లైనర్లు తప్ప ఏమీ లేవు.