ఇంజిన్ వేడికి ఓబీడీ స్కానర్: రెండేళ్లు వాడాక నా మాట

కారు మాటిమాటికీ వేడెక్కుతుంటే విసుగొచ్చి ఈ చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివి చూపే పరికరం) కొన్నాను. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలు. కారు కంప్యూటర్ నమోదు చేసే లోపాల కోడ్‌లు చదవడానికే అయితే ఇది లేకపోయినా నడుస్తుంది. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్ టెంపరేచర్ డిగ్రీల్లో, గ్రాఫ్‌లా కనబడటమే దీని అసలు ఉపయోగం.

డ్యాష్‌బోర్డ్ మీది ముల్లును నమ్మలేం. చాలా కార్లలో వేడి కొంత అటూఇటూ అయినా అది మధ్యలోనే నిలబడేలా కంపెనీవాళ్లే సెట్ చేస్తారు. అది పైకి లేచేసరికి టెన్షన్ పడటం తప్ప చేయగలిగింది తక్కువ.

నా బండి చూసిన మెకానిక్ రేడియేటర్ మార్చాలన్నాడు. గ్రాఫ్ ఇంకోలా చెప్పింది. హైవే మీద 90 దగ్గర కదలకుండా ఉండేది. ట్రాఫిక్‌లో ఆగితే మాత్రం 100 దాటి, 108 దాకా ఎక్కేది. అప్పుడు ఫ్యాన్ ఒక్కసారిగా ఫుల్ స్పీడులో మొదలయ్యేది, వేడి చకచకా దిగేది. రేడియేటర్ పూడుకుపోయి ఉంటే ఇంజిన్ మీద బరువు పడినప్పుడు, అంటే స్పీడులోనో ఎత్తు ఎక్కేటప్పుడో బయటపడాలి. ఆగినప్పుడే ఎక్కుతోందంటే గాలి చాలట్లేదన్నమాట. ఏసీ వేసి చూశాను. నా బండిలో ఏసీ వేయగానే ఫ్యాన్ నెమ్మదిగా తిరగాలి, కదల్లేదు. తక్కువ స్పీడుకు కరెంటు పంపే రెసిస్టర్ కాలిపోయిందని తేలింది. రేడియేటర్ జోలికి వెళ్లకుండా అదొక్కటే మార్పించాను. ఇంత జరిగినా స్కానర్‌లో ఒక్క కోడ్ కూడా రాలేదు.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) మీద అనుమానం ఉన్నా ఇది పనికొస్తుంది. అంకె 100 దాటుతున్నా రేడియేటర్ కింది పైపు చల్లగానే ఉంటే, థర్మోస్టాట్ తెరుచుకోవట్లేదేమో చూడాలి. వాటర్ పంప్ పాడైనా ఇంచుమించు అలాగే ఉంటుంది కాబట్టి అంతటితో తేల్చేయకూడదు.

ఇక దీనికి చేతకానివి. కూలెంట్ ఎంత ఉందో, సిస్టమ్‌లో ప్రెషర్ నిలుస్తోందో లేదో ఇది చెప్పదు. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిపిన మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది; కూలెంట్ ట్యాంకు మూత ప్రెషర్ పట్టి ఉంచితే 120 దాటినా మరగదు. మూత రబ్బరు పోతే అంకె మరీ భయపెట్టేలా లేకపోయినా ట్యాంకులోంచి పొంగిపోతుంది. అంతకంటే ప్రమాదం, కూలెంట్ బాగా తగ్గి సెన్సర్ గాల్లో తేలినప్పుడు. ఇంజిన్ మాడిపోతున్నా ఫోన్‌లో తక్కువ అంకె కనిపించవచ్చు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ దాని పైభాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందా అన్నది కూడా కూలెంట్‌లో బుడగలు, తెల్ల పొగ చూసి గ్యారేజీలో తేల్చుకోవాల్సిందే. అందుకే ఇంజిన్ పూర్తిగా చల్లారాక ట్యాంకులో మట్టం చూడటం నేను మానలేదు. వేడి మీద మూత మాత్రం తిప్పకండి.

కొనేముందు మీ ఫోన్‌కు కలుస్తుందో లేదో చూసుకోండి, పాత బ్లూటూత్ రకాలు ఐఫోన్‌కు కలవవు. చవక నకళ్లు మధ్యలో కనెక్షన్ తెంపేస్తాయి. బండి రోజుల తరబడి ఆపి ఉంచేటట్లయితే పీకేయండి, ఊరికే బ్యాటరీ తాగుతుంది. ఇంకొకటి, రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి చూడండి. కూలెంట్ అంకె, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి టెంపరేచర్ అంకె దాదాపు ఒకటే ఉండాలి. బాగా తేడా ఉంటే ముందు సెన్సర్‌నే అనుమానించాలి.