మెక్సికో సిమ్: సిగ్నల్ బాగుంది, నెంబరే సెకండ్ హ్యాండ్

మెక్సికోలోని మాంటెర్రేకి ప్రాజెక్ట్ మీద వచ్చే మనవాళ్ళు మొదటి వారంలో అడిగే ప్రశ్న ఒకటే: "ఏ సిమ్ తీసుకోవాలి అన్నా?" ఇన్నాళ్ళూ ఏమీ ఆలోచించకుండా నేను వాడే కంపెనీ పేరే చెప్పేవాణ్ణి. ఇప్పుడూ అదే చెబుతున్నాను గానీ, వెనకే ఒక షరతు కూడా పెడుతున్నాను. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ షరతు గురించే.

ప్లాన్లు, జీబీలు ఇక్కడ రాయను, అవి నెలకోసారి మారతాయి. స్థూలంగా చెప్పాలంటే పెద్ద పేర్లు మూడు: తెల్‌సెల్, ఏటీ అండ్ టీ, మొవిస్టార్. ఇందులో మొవిస్టార్ తన స్పెక్ట్రమ్‌ని ప్రభుత్వానికి తిరిగిచ్చేసి ఏటీ అండ్ టీ నెట్‌వర్క్ మీదే నడుస్తోంది కాబట్టి, సిగ్నల్ వరకు చూస్తే పోటీ ఇద్దరి మధ్యే. వాల్‌మార్ట్‌లో దొరికే బైట్ లాంటి చవక సిమ్‌లు వేరే జాతి. అవి 700 మెగాహెర్ట్జ్ 4జీ మీద నడుస్తాయి, అందుకే ఇండియా నుంచి తెచ్చుకున్న ఫోన్‌లో బ్యాండ్ 28 (ఆ 700 మెగాహెర్ట్జ్ సిగ్నల్ అందుకునే సౌకర్యం) ఉందో లేదో చూసుకోకుండా కొనొద్దు. నాది ఏ కంపెనీయో చెప్పను. నేను చెప్పబోయే జబ్బు ఒక్క కంపెనీది కాదు, ప్రీపెయిడ్ నెంబర్లన్నిటిదీ.

ముందు మంచి మాటలు. రీచార్జ్ అంటే ఇక్కడ చిటికెలో పని. సందు చివర ఒక్సో అనే చిల్లర సామాన్ల షాపు ఉండనే ఉంటుంది (ఆ షాపులు పుట్టిందే ఈ ఊళ్ళో). కౌంటర్‌లో పది అంకెలూ చెబితే ఆ అమ్మాయి తిరిగి చదివి వినిపిస్తుంది, డబ్బులిస్తాం, రసీదు చేతికొచ్చేలోపే మెసేజ్ వచ్చేస్తుంది. రెండోది, అమెరికా సరిహద్దు దాటించే లారెడో బ్రిడ్జి. మా పిన్ని కూతురు డల్లస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటుంది, లాంగ్ వీకెండ్ వస్తే కార్లో వెళ్తాం. న్యువో లారెడో దాటి అవతలి గట్టుకి చేరగానే ఫోన్ దానంతటదే అమెరికా నెట్‌వర్క్ పట్టుకుంటుంది. నా ప్రీపెయిడ్ ప్యాకేజీలో అమెరికా, కెనడా రెండూ కలిసే ఉన్నాయి, రోమింగ్ పేరుతో పైసా అదనం లేదు. ఇండియాలో రోమింగ్ ప్యాక్‌ల రేట్లు చూసి అలవాటైన ప్రాణానికి ఇది నిజంగా పండగే.

ఇక నెంబరు సంగతి.

సిమ్ వేసిన సాయంత్రమే ఒక కాల్ వచ్చింది. ఒక సెన్యోరా (శ్రీమతి అన్నట్టు) పేరు చెప్పి, ఆవిడేనా మాట్లాడేది అని అడిగారు. కాదన్నాను, పెట్టేశారు. మర్నాడు పొద్దున్న ఇంకో నెంబరు నుంచి మళ్ళీ ఆవిడ కోసమే. వారం తిరిగేసరికి విషయం అర్థమైంది. ఈ నెంబరు నాకంటే ముందు ఆవిడది. రీచార్జ్ మానేసిందో ఏమో, కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుని కొత్త సిమ్‌లో పెట్టి నాకు అమ్మింది. నెంబరుతో పాటు ఆవిడ అప్పులు కూడా వచ్చాయి.

మనుషులు చేసే కాల్స్ ఎలాగో భరించవచ్చు. నా స్పానిష్ వినగానే వాళ్ళకే డౌటొచ్చి తగ్గుతారు. ప్రాణం తీసేది రికార్డింగ్ కాల్. పొద్దున్నే స్టాండప్ మీటింగ్ టైముకి సరిగ్గా మోగుతుంది. తియ్యటి ఆడగొంతు: మీరు ఫలానా సెన్యోరా అయితే 1 నొక్కండి, ఆవిడ మీకు తెలిస్తే 2 నొక్కండి. అంతే. ఆవిడెవరో తెలియనివాడు నొక్కడానికి అంకే లేదు! ఒకసారి విసుగొచ్చి 2 నొక్కాను. ఏజెంట్ లైన్లోకి వచ్చి, "మీకు ఆవిడ ఏమవుతారు?" అని మొదలుపెట్టాడు. మాది ఇండియా, నేను ఆవిడ మొహం కూడా చూడలేదు మహాప్రభో అంటే, "మరి 2 ఎందుకు నొక్కారు?" అన్నాడు. ఏం చెప్పాలి?

లోన్ యాప్‌ల వాళ్ళది ఇంకో రకం. వీళ్ళని ఇక్కడ మోంతాదెవుదాస్ అంటారు. 2020లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల గొడవ చూసినవాళ్ళకి వివరించక్కర్లేదు, భాషే మారింది. వాట్సాప్‌లో కోర్టు ముద్ర లాంటిది అతికించిన పీడీఎఫ్ వస్తుంది, ఇంట్లో సామాను జప్తు చేస్తామని. మా ఆవిడ మొదటిసారి చూసి, అది గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పెట్టుకుని, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా టెన్షన్ పడింది.

బ్యాంకు దగ్గర దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. యాప్‌లో రిజిస్టర్ చేస్తుంటే ఈ నెంబరు వేరే కస్టమర్ పేరు మీద ఉందని తిరగ్గొట్టింది. బ్రాంచికి వెళ్ళి పాస్‌పోర్టు, రెసిడెంట్ కార్డు, సిమ్ కొన్న రసీదు చూపించి, ఓటీపీ అక్కడికక్కడే నా ఫోన్‌కి తెప్పించి చూపిస్తే తప్ప వాళ్ళు పాత ఎంట్రీ తీసేయలేదు. ఆ రసీదు పారేయకుండా దాచింది మా ఆవిడే.

మరి నెంబరు మార్చుకోవచ్చు కదా అంటారు. కస్టమర్ కేర్ వాళ్ళూ అదే అన్నారు. కానీ అప్పటికే జీతం పడే అకౌంటు, ఇంటి ఓనరు, పిల్లాడి స్కూలు, ఇమ్మిగ్రేషన్ లాయరు అన్నీ ఈ నెంబరు మీదే ఉన్నాయి. కంపెనీ మారడం మాత్రం చాలా సులువు. మన దగ్గర 1900కి పోర్ట్ అని పంపినట్టే, ఇక్కడ 051కి నిప్ (NIP, మన పిన్ లాంటిదే) అని మెసేజ్ పెడితే నాలుగంకెల కోడ్ వస్తుంది, అది కొత్త కంపెనీకిస్తే 24 గంటల్లో పని అయిపోతుంది. అయితే కంపెనీ మారినా నెంబరు అదే, నెంబరు అదే అయితే సెన్యోరా కూడా వెంటే వస్తుంది. నా రోగానికి పోర్టింగ్ మందు కాదు.

కొంత పనిచేసింది కొందుసెఫ్. ఆర్థిక సంస్థల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సంస్థ అది. వాళ్ళ రెదెకో సైట్‌లో రికవరీ ఏజెన్సీల మీద ఫిర్యాదు పెట్టవచ్చు. అప్పుతో సంబంధం లేనివాళ్ళని వేధించకూడదనేది అక్కడి రూల్సులోనే ఉంది. కాల్ వచ్చిన నెంబర్లు, టైములు, ఏజెన్సీ పేరు రాసుకుని ఫిర్యాదు పెట్టాను. బ్యాంకుల తరఫు కాల్స్ బాగా తగ్గాయి. రిజిస్ట్రేషన్ లేని లోన్ యాప్‌ల వాళ్ళకి మాత్రం ఇవేవీ పట్టవు, వాళ్ళని బ్లాక్ చేసుకుంటూ పోవడమే. 2026 జనవరి నుంచి ప్రతి మొబైల్ లైనూ గుర్తింపు కార్డుతో ముడిపెట్టాలని రూల్ వచ్చింది, నాది కూడా నా పేరు మీద చేయించుకున్నాను. అప్పులవాళ్ళ లిస్టులో మాత్రం ఇది ఇంకా ఆవిడదే.

ఒక్కటి చెప్పకపోతే అన్యాయమవుతుంది. అప్పులవాళ్ళే కాదు, ఆవిడ బంధువులూ ఈ నెంబరుకి మెసేజ్‌లు పెడతారు. ఒక పెద్దావిడ, పిన్నో మేనత్తో మరి, డిసెంబర్ 12న గ్వాదలూపే మాత (ఇక్కడివాళ్ళు కొలిచే మేరీమాత) పండగకి ఆ తల్లి బొమ్మ పంపి దీవించింది. నేను ఆ సెన్యోరాని కాదని స్పానిష్‌లో మర్యాదగా జవాబిచ్చాను. సరే నాయనా, నీకూ తల్లి దీవెన ఉంటుంది అని తిరిగి పంపింది. ఆ నెంబరు బ్లాక్ చేయలేదు.

అందుకని నా షరతు ఇది. ఏ కంపెనీ అయినా సరే, సిమ్ కొన్నాక వారం పది రోజులు ఊరికే ఫోన్‌లో పెట్టి చూడండి. వాట్సాప్ తెరిచి ఎవరెవరు పలకరిస్తున్నారో గమనించండి. వేరే పేరు వినపడితే ఆ సిమ్ పక్కన పడేసి ఇంకోటి కొనుక్కోండి, ప్రీపెయిడ్ సిమ్‌కి పోయేది పెద్దగా లేదు. బ్యాంకుకి, ఆఫీసుకి నెంబరు ఇచ్చేది ఆ తర్వాతే. ఆరు నెలల అసైన్‌మెంట్ మీద వచ్చిన బ్యాచిలర్‌కి ఇంత చాదస్తం అక్కర్లేదు, ఏదో ఒకటి కొనుక్కుని తెలియని కాల్స్ ఎత్తకుండా ఉంటే సరిపోతుంది. కుటుంబంతో వచ్చేవాళ్ళకే ఇదంతా. సెలవులకి ఇండియా వెళ్ళేటప్పుడు కూడా రీచార్జ్ మాత్రం ఆపకండి, మీ నెంబరు ఇంకొకరి చేతికి పోకుండా.

నా రెసిడెంట్ కార్డు రెన్యువల్ వచ్చే ఏడాది ఉంది, ప్రాజెక్ట్ ఇక్కడే కొనసాగుతుందో లేదో మేనేజర్‌కే తెలియదు. అది తేలేదాకా ఈ నెంబరే వాడతాను. లారెడో రోడ్డు మీద సిగ్నల్ మాత్రం ఇప్పటివరకు నన్ను ఇబ్బంది పెట్టలేదు.